తెల్లకిలుము

వానకాలము వెడలిపోవుచు మరచిన మాట యేదియో చెప్పవచ్చినదానివలె నడుమనడుమ నొక జల్లు కురిపించి పోవుచున్న ఆశ్వయుజమాసపు ప్రాతఃకాలమది. కలువగిరి కోటగోడల నాచు ఇంకను పచ్చదనము వీడలేదు. తూర్పుకొండ మొగిలు తలపాగను విప్పి యెండకు తల చూపుచుండెను. దాని దిగువ చోడిచేలు గాలికి వంగి లేచుచుండెను. ఒకప్పుడు ఏనుగులు ఘీంకరించిన శాలలో పావురములు కువకువలాడుచుండెను. ఆ ప్రక్కనున్న గుఱ్ఱపుశాలలోనుండి మాత్రము ఇనుముపై ఇనుము మ్రోగు చప్పుడు ప్రొద్దుపొడుపునకు మునుపే మొదలై కోటయంతటను వినవచ్చుచుండెను.

ఆ శాలలో గుఱ్ఱములు లేవు. కలువగిరి జమీందారుగారు తమ పడుచుదనమున సీమనుండి ఓడపై తెప్పించుకొనిన మోటారుబండి యొకటి కలదు. గుఱ్ఱపుమోమువంటి నిడుపాటి ముఖమును కోడెత్రాచు విప్పిన పడగలవంటి రెండు పెద్దదీపములును గల ఆ బండిని కన్నులార చూచుటకై ఒకనాడు చుట్టుప్రక్కల పల్లెలవారు సద్దికట్టుకొని వచ్చెడివారు. కాలము మారి జమీందారీలు పోయినవి. జమీందారుగారును పోయిరి. బండి చక్రములలో గాలిలేక ఏండ్లతరబడి నేలబట్టియుండెను. ఇప్పుడు వారి మనుమడు రామభద్రరాజు దానిని మరల నడిపింపనెంచి విశాఖపట్టణమున దసరాపిమ్మట జరుగనున్న పాతబండ్ల యూరేగింపునకు చేర్పవలెనని సంకల్పించి బెజవాడనుండి మస్తాన్ సాహెబను నేర్పరియైన పనివానిని పిలిపించెను. అతడు ఎండకాలము వచ్చి వానకాలమంతయు నచటనే యుండి యంత్రమును విప్పి కడిగి తుప్పుతిన్న రేకులను కోసి అతికి నల్లరంగు నిగనిగలాడునట్లు పూసి ముగించెను. ఇక మిగిలినది దీపముల మూతిచుట్టు బిగించు కట్లు యంత్రపు ముందుతొడుగు తలుపుపిడులు మొదలగు మెరుగుసామగ్రి మాత్రమే. ఆ మెరుగుసామగ్రియే కలువగిరి కోటలో నొక ముసలిదాని నిదురను చెరచెను.

ఆమె పేరు సూరీడమ్మ. ఆ బండి తోలిన ముత్యాలునకు భార్య. ముత్యాలు కాలముచేసి చాలయేండ్లయ్యెను. సంతానము లేనిదగుటచే ఆమె కోటలోని యొక చిన్నగదిలో నుండి రాజుగారింట చేతనైన పని చేసికొనుచు రోజులు వెళ్లబుచ్చుచుండెను. నగలు లేవు. భూమి లేదు. ఉన్నదెల్ల ఒక పేరు. కలువగిరిలో నామెను సూరీడమ్మయని పిలుచువారికంటె బంగారుబండి సూరీడమ్మయని పిలుచువారే మెండు. ఆ పేరు ఎట్లు వచ్చినదనిన దానికొక కథ కలదు.

ఆమె కాపురమునకు వచ్చిన క్రొత్తలో ఆ బండి మెరుగుభాగములన్నియు తెల్లగా నుండెడివి. ముత్యాలు దొరవారి సేవకై వారివెంట రైలుమీద చెన్నపట్టణమునకు పోయియున్న దినములలో ఒకనాడా చిన్నది బండి దుమ్ము దులుపుచు దీపపుకట్టు అంచున గోరంత మేర తెలుపు వీడి పచ్చని కాంతి తొంగిచూచుట గనెను. పుట్టినింట ఇత్తడిబిందెలు తోమి పెరిగిన పిల్లకు అది కనబడినంతనే చేతులు ఊరకుండవయ్యెను. లోపల బంగారమువంటి లోహముండగా పైన నెవరును పట్టించుకొనక తెల్లని కిలుము పేరుకొన్నదని తలచి ఇంత దొరవారి బండికి ఇట్టి గతియా యని జాలిపడి చింతపండు నానవైచి ఇటుకపొడి కలిపి కొబ్బరిపీచు చేతబట్టి భుజములు పడిపోవునట్లు దినదినము తోముచు వచ్చెను. ముత్యాలు తిరిగివచ్చునప్పటికి ఎడమవైపు దీపము తెలుపంతయు విడిచి పచ్చగా జ్వలించుచుండెను. అతడు చూచి వంగి ఆ కట్టు అంచును గోటితో తడవెను. తుదకు భుజముమీది తువ్వాలుతో ఆ దీపమును మెల్లగా తుడిచి "బంగారంలాగున్నాదే" అనెను. ఆ సాయంకాలము దొరవారు పిలిపింపగా దివాణములోనికి పోయి వచ్చి బండి రెండవ కంటిని అనగా కుడిదీపమును కూడ అటులే చేయుమని వారి యాజ్ఞయైనదని చెప్పి అన్నము ముట్టక ముసుగిడి పండుకొనెను. పయనపు బడలికయని ఆమె యనుకొనెను.

నాటినుండి ప్రతి దసరాకును ఆయుధపూజకు ముందునాడు పస్తుండి బండిని తోముట ఆమె వ్రతమయ్యెను. ముత్యాలు తానే సంతకు పోయి క్రొత్త చింతపండు తెచ్చి ఆమె ముందుంచెడివాడు. ఒక్కొక్కయేడు ఒక్కొక్క భాగము పచ్చబడుచు వచ్చి ఆ బండి కలువగిరి బంగారుబండియని వాసికెక్కెను. పూజనాడు ఊరి యాడువారు పసుపుకుంకుమలు తెచ్చి బండికి పెట్టి సూరీడమ్మ చేతులు పట్టుకొని చూచి ఈ చేతులలో నేమి మహిమ యున్నదోయని పొగడెడివారు. బిడ్డ లేని చేతులను పొగడువారు వేరెవ్వరు గలరు?

ఇట్లుండగా ఆ ప్రాతఃకాలమున సీమనుండి కొయ్యపెట్టె యొకటి వచ్చెను. పాతబండ్లకు పనికివచ్చునట్లు పాతవానిని పోలిన క్రొత్తసామగ్రి పోతపోసి యమ్ము వర్తకులు అచట గలరనియు రాజుగారు వ్రాసి తెప్పించిరనియు మస్తాన్ చెప్పెను. శాలలోని అరుగుమీద పెట్టెనుంచి మూత యూడదీసి పీచుకాగితములు తొలగింపగా వానినడుమ దీపపుకట్లును తొడుగును పిడులును వెన్నెల గడ్డకట్టినట్లు తెల్లగా మెరిసెను. చూచుటకు వచ్చిన సూరీడమ్మ నోటిమీద చేయివైచుకొనెను.

"ఓలమ్మోలమ్మ! ఇదేటి నాయనా, మళ్లీ ఆ తెల్లకిలుమే అట్టుకొచ్చినారు!"

మస్తాన్ పకపక నవ్వెను. "కిలుమా? బంగారమ్మా, ఓడెక్కి సముద్రాలు దాటి వచ్చిన సరుకు నీ కంటికి కిలుములా ఉందా?"

"మరేటి? నా వయిసంతా ఎట్టి వదిలించినాను. నువ్వు పెట్లో ఎట్టి మళ్లీ దించినావు."

"అమ్మో, నీ చేతికి చిక్కితే నా బట్టతల కూడా తోమేసేట్టున్నావే!"

"తోమితే మెరిసే సరుకైతేనే తోముతాను సాయిబూ. నీ బుర్రెందుకు, సింతపండు దండగ."

మస్తాన్ మరింత నవ్వెను గాని ఆమె నవ్వలేదు. ఆ తెల్లనివి బండికెక్కినయెడల తన బంగారము చెత్తకుప్పపాలగును. తన జన్మమునకంతకును చెప్పుకొనదగిన పని యొక్కటియే గదా. అది బండినుండి యూడిపోయిన పిదప తానెవరు? ఈ యాలోచన మనసును తొలుచుచుండగా ఆమె కొంగు బిగించుకొని రాజుగారి సావడికి పోయెను.

రామభద్రరాజు పత్రిక చదువుకొనుచుండెను. చిన్ననాడు ఆ బండిలో ముత్యాలు ఒడిని కూర్చుండి చక్రము పట్టుకొని ఆడుకొనినవాడు.

"బాబుగారూ, ఇన్నాళ్లూ తవర్ని నానేటీ అడగనేదు. ఇయ్యాల అడుగుతన్నాను. ఆ తెల్లయి బండికెయ్యకండి. నా బంగారాన్ని ఉండనీండి."

రాజు పత్రిక మడిచి "బొమ్మల పుస్తకంలో చూశాను సూరీడమ్మా, ఈ రకం బళ్లన్నీ తెల్లగానే ఉన్నాయి. అయినా నీ మాట తీసెయ్యలేను. మస్తాన్‌ను చూడమంటాను. పాతవి గట్టిగా ఉంటే పాతవే బిగిద్దాం. సరేనా?" అనెను.

ఆమె చేతులు జోడించి బయటికి వచ్చెను. అడుగులు తేలికయ్యెను.

పాతసామగ్రి యంతయు ఆమె గదిలోనే యుండెను. బండినుండి విప్పినదినముననే మస్తాన్ వలదనుచున్నను వినక ప్రాతచీరలో మూటగట్టి మంచముక్రింద దాచుకొనియుండెను. ఆ మూటను బిడ్డను తెచ్చినట్లు రెండుచేతుల నెత్తి తెచ్చి అరుగుమీద నుంచి ముడి విప్పెను. పోతపోయు వర్తకుడు కొలతను చూచి పోయునుగాని బండిని చూచి పోయడు. చేతితో చేసిన బండి యేదియు వేరొకబండిని పోలదు. కావున క్రొత్తదానిని బిగింపదలచినను పాతదానిని చెంత నుంచుకొని వంపునకు వంపు రంధ్రమునకు రంధ్రము సరిచూచుకొనుట ఆ పనివారి వాడుక. పాతవి గట్టిగా నున్నవో లేవో తేల్చుటకును ఆ పరీక్షయే కావలెను. మస్తాన్ ఎడమదీపపు కట్టును చేతికెత్తుకొని అంచులు తడవి గోటితో మీటి వెలుతురువైపు త్రిప్పి వెల్లకిల జేసి లోపలివైపు చూచెను.

ఆపై ఆ కట్టును మెత్తగా గుడ్డమీద పరుండబెట్టి తలయెత్తక "ఏం ఫర్వాలేదమ్మా. పాతవే బాగున్నాయి. రాజుగారికి నేను చెప్తాలే. నీ బంగారమే ఉంచేద్దాం" అనెను.

కోరినది సిద్ధించినది. సంతోషింపవలసిన సమయమది. కాని సూరీడమ్మకు సంతోషము రాలేదు. వైద్యుడు మందు మాని మంచిమాటలు చెప్పుటకు మొదలిడినప్పుడు రోగి యింటివారికి కలుగు భయమువంటి భయమామెకు కలిగెను.

"ఏటి సూసినావు?"

"ఏం లేదమ్మా."

"సాయిబూ, పొద్దుటిదాకా బంగారమ్మా బంగారమ్మా అని యెక్కిరించినోడివి, ఇప్పుడు అమ్మా అంటన్నావు. నాకు సెవుడు నేదు. ఏటి సూసినావో సెప్పు."

మస్తాన్ తలపాగ తీసి మోకాలిమీద నుంచుకొని ఎట్లు చెప్పుదునాయని వెదకుకొనెను. "నీ యింట్లో ఇత్తడి గిన్నెలకి కళాయి వేయిస్తావా అమ్మా?"

"ఏయించకపోతే పులుసు కిలుమెక్కి సత్తారు."

"ఆ కళాయిని ఇటుకపొడేసి గీకుతావా?"

"సీ! కళాయి గీకుతారేటి? మెత్తగా బూడిదతో..." అనుచు ఆమె సగములో నిలిచెను. మరల తేరుకొని వాదమునకు దిగినదానివలె "కళాయి లోపలుంటాది గాని బయట ఎవుడేత్తాడు సాయిబూ?" అనెను.

"సీమవాళ్లు బయటేస్తారమ్మా. ఇత్తడి నల్లబడకుండా నికెలు పూత పూస్తారు. అది కళాయికి అక్కలాంటిది. ఈ బండికి తెలుపే నగ. ఇదిగో, నీ పీచు అందని చోట ఇంకా ఉంది చూడు."

ఆమె ఆ కట్టును తీసికొని లోపలివైపు చూచెను. అచట నొక మూల మడతలో పెట్టెలోని క్రొత్తసామగ్రివలెనే వెన్నెలవంటి తెలుపు చెక్కుచెదరక నిలిచియుండెను. ఆమె వ్రేలితో తడవెను. నున్నగా చల్లగా నుండెను. కిలుము గరుకుగా నుండునుగాని నున్నగా నుండదు. ఈ భేదము ఇత్తడి తోమి పెరిగిన తన చేతికి నాడేల తెలియకపోయెను? తెలిసియే యుండును. పచ్చదనము వెల్లివిరియుచుండగా ఆ మురిపెమున చేయి చెప్పిన మాట చెవికెక్కలేదు. కిలుము వదలించుచున్నానని తలచి తాను నగ నొలిచినది. దుమ్ము పట్టినదని చర్మమును వలిచినది. అదియు నొకనాడు కాదు. మ్రొక్కుబడివలె ప్రతియేడు. పస్తుండి మరీ.

ఆమె ఆ తెలుపుమీదనే వ్రేలుంచి "మొదట్నించీ తోలినోడికి ఈ సంగతి తెలుత్తాదా?" అని యడిగెను.

"పెట్టెలోంచి దించిన రోజునుంచీ తుడిచినోడికి తెలియకుండా ఎలా ఉంటుందమ్మా?"

సూరీడమ్మకు మొదట దుఃఖము రాలేదు. కోపము వచ్చెను. చచ్చిపోయినవానిమీద కోపము. అన్నియేండ్లు తెలిసి తెలిసి చింతపండు కొని తెచ్చి ముందుంచినాడా? పొగడువారినడుమ తాను పొంగిపోవుచుండగా ప్రక్కనిలిచి చూచినాడా? ఊరంతయు పొగడిన చేతులను చూచి లోలోపల నవ్వుకొనినాడా జాలిపడినాడా? ఏది యైనను సహింపరానిదే. ఆమె అరుగుమీద చతికిలబడి ఆ కట్టును ఒడిలో నుంచుకొని ఎండ ద్వారబంధము దాటి గడపమీదికి వచ్చువరకును కదలలేదు. మస్తానును పని ముట్టలేదు.

అంతలో రామభద్రరాజు వచ్చెను. ముసలిదాని మొగము చూచి మస్తానువైపు చూచెను. మస్తాన్ దాచినయెడల దాగునది కాదని రెండుమాటలలో నున్నదున్నట్లు చెప్పెను. రాజు దయగలవాడు. ఆమె యెదుట గొంతుకూర్చుండి ఓదార్పు మాటలు వెదకుచు తనకు తెలియకయే దాగియున్న కథకు తలుపు తెరచెను.

"దీనికి నువ్వెందుకు బాధపడటం సూరీడమ్మా? ఇందులో నీ తప్పేముంది? ఆ పని చేసింది ముత్యాలు కదా. తాతగారు నవ్వుతూ చెప్పేవారు, ముత్యాలు తెలివితక్కువగా ఇటుకపొడి పెట్టి తోమి నా బండిని బిందె చేసేశాడని. ఆ వేళ కోపంలో చెయ్యి కూడా చేసుకున్నారట. తనే తోమానని కాళ్లమీద పడి ఒప్పుకున్నాడట. ఒక కన్ను పచ్చగా ఒక కన్ను తెల్లగా ఉంటే ఊరు నవ్వుతుందని మిగతావీ గీకించెయ్యమన్నారట. ఎప్పటి మాటో అది. నీ బంగారమే ఉంచేద్దాం. మనం చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?"

సూరీడమ్మ తలయెత్తెను. ఆ సాయంకాలము ఆమె కన్నులముందు నిలిచెను. ముసుగిడి గోడవైపు తిరిగి పండుకొనిన మనిషియు వడ్డించి యెదురుచూచి యెదురుచూచి కుక్కకు వేసిన అన్నమును. చెంప కనబడకుండుటకే గదా ఆ ముసుగు. ఆమెకు వచ్చిన కోపము ఎచటికి పోయినదో పోయెను. దాని తావున వచ్చినదానికి ఆమె పేరు పెట్టనేరదు. గోడ పట్టుకొని లేచి నిలిచెను.

"ఒప్పుకున్నాడా బాబూ?"

"అని తాతగారే అనేవారు."

"అయితే నా మొగుడు తవరి తాతగారికి అబద్దం సెప్పినాడు. ఆ దీపం తోమింది నాను. అప్పుడు ముత్యాలు కలువగిరిలోనే నేడు. సెన్నపట్నంలో తవరి తాతగారి పక్కనే ఉన్నాడు. పక్కనున్నోడు ఇక్కడెలగ తోమేడో ఆ మారాజూ అడగనేదు."

ఇన్నినాళ్లుగా తాను విన్న ఆ పరిహాసకథలో ఇంత పెద్ద కన్నమున్నదని రాజునకు తోచనేలేదు. తాతగారికి తోచలేదా? తోచియు భర్త మోయగోరిన నిందను భర్తకే విడిచిరా? ఆ సంగతి చెప్పవలసినవారిద్దరును లేరు.

"ఇప్పుడు తవరూ దాత్తామంటన్నారు" అని సూరీడమ్మ మరల అనెను. "నా మనసు నొచ్చుద్దని ఒకడు దాసేడు. ఆ ఒక్కడూ సాలు. నా మూలాన ఆడికి ఎర్రిముద్ర పడిపోయింది, ఆడు పోయినాక కూడా ఉంది. బాబూ, తెల్లయే బిగించండి. తోమింది సూరీడమ్మని అడిగినోళ్లకి సెప్పండి. అడగనోళ్లకి నాను సెప్తాను."

రాజు తల వంచి అటులే యని పోయెను.

మరునాడు పని మొదలయ్యెను. తలుపుపిడులు చక్కగా కుదిరెను. ముందుతొడుగును రెండుచోట్ల మెత్తని కొయ్యసుత్తితో తట్టి వంపు దిద్దగా అదియు కూర్చుండెను. కుడిదీపపు కట్టును అంతో ఇంతో సరిపడెను. ఎడమదీపమునకు వచ్చునప్పటికి మస్తాన్ చేయి ఆగెను. క్రొత్తకట్టును దీపపు గిన్నెమీద తొడిగి వ్రేలితో మీటగా అది కటకటలాడెను. మరలు బిగించినను కటకటలాడెను. అతడు దాని తీసి గిన్నె యంచును పరీక్షించి నిట్టూర్చెను.

"ఏటి, కొత్తది పెద్దదైపోయిందేటి?"

"కొత్తది సరిగ్గానే ఉందమ్మా. కింద గిన్నే అరిగిపోయింది. మొదలెట్టింది దీంతోనేగా. నీ చెయ్యి దీన్నే ఎక్కువ తిన్నది."

ఆమె వంగి చూచెను. కట్టునకును గిన్నెకును నడుమ ఎండుటాకంత సందు చుట్టును కలదు. ఆ సందులో నున్నది శూన్యము కాదు. ఒక స్త్రీ యౌవనము. అటులే విడిచినయెడల దారిలో ప్రతికుదుపునకును ఆ దీపము లొడలొడ మ్రోగి లోకమునకు చాటుచుండును.

"రబ్బరెట్టకూడదేటి?"

"దీపం వేడికి కరిగిపోతుంది. ఇత్తడి రేకు పట్టీ కొట్టి లోపల చుట్టాలి. పల్చటిది కావాలి, ఇదే వంపుండాలి. అలాంటిది బజార్లో దొరకదు. బెజవాడెళ్లి చేయించుకురావాలంటే ఊరేగింపు దాటిపోతుంది." అతని కన్నులు పాతచీరమీది పచ్చనికట్టువైపు పోయి వెనుకకు మరలెను. నోరు విడిచి యడుగలేకపోయెను.

సూరీడమ్మ ఆ చూపును గనెను. దాని తెరువును గనెను. తన పాత దీపపుకట్టు. దానికంటె పలుచనిది యెచట దొరకును? ఆ వంపున్నది వేరేది గలదు? ఆమె దానిని తీసి ఒకమారు కొంగుతో తుడిచి ఇనుపదిమ్మెమీద నుంచెను.

"కొయ్యి."

"అమ్మా, ఇది ఒకసారి కోస్తే మళ్లీ..."

"నాకు తెలుసు. బంగారం కాదు గదా అట్టే ఆలోసించడానికి. కొయ్యి సాయిబూ. లేకపోతే ఆకురాయి ఇలగియ్యి, నానే రాసుకుంటాను. రాసి రాసి అలవాటైన సెయ్యి."

మస్తానునకు నవ్వు వచ్చి కన్నులు చెమర్చెను. అతడు కట్టును సన్నని పట్టీగా కోసి అంచులు ఆకురాయితో నున్నజేసి దీపపుగిన్నె చుట్టును చుట్టి దానిపై తెల్లనికట్టును తొడిగెను. చుట్టును సమముగా నొక్కి పట్టుకొనువారుండవలెను. సూరీడమ్మ రెండరచేతులను ఆ కట్టుమీద నుంచి మేనిబరువంతయు మోపెను. అతడు ఒక్కొక్క మరను కొంతకొంతగా బిగించెను. తెలుపు మెల్లగా దిగి పసుపును కప్పెను. అంచునకు అంచు చేరెను. ఇక లోపల నేమున్నదో చూచువారికి తెలియదు.

మహానవమినాడు ఊరి యాడువారు పసుపుకుంకుమలతో వచ్చిరి. గుఱ్ఱపుశాల ముంగిట నల్లగా నిగనిగలాడుచు వెన్నెలవంటి మొగముతో నిలిచియున్న బండిని చూచి గుసగుసలాడిరి. గడుసుదియైన యొక నడివయసుది ముందుకు వచ్చి సూరీడమ్మ భుజము పొడిచెను.

"ఓలప్పా, నీ బంగారమేదే? రాజుగారు పట్నంలో అమ్ముకున్నారేటి?"

"బంగారం కాదే అప్పా. ఇత్తడి. తెలుపే దీని నగ. నాను కాపరానికొచ్చిన కొత్తలో కిలుమనుకొని ఒలిసేసినాను. ముత్యాలు సెయ్యి దానిమీద పడనేదు. ఆడు తోమినాడని ఎవులైనా అంటే నా పేరు సెప్పండి."

నవ్వుదురని ఎదురుచూచెను. కొందరు నవ్విరి కూడ. ఆమెయు నవ్వెను. చిరకాలము మూసియుంచిన గదికి గాలి వచ్చినట్లుండెను. ఒక ముసలమ్మ మాత్రము ఆమె చేతిని తీసికొని అరచేయి చూచి యేమియు పొగడక కుంకుమబొట్టు పెట్టబోయి విధవరాలని తలచుకొని గంధము పూసి విడిచెను.

విశాఖపట్టణమునకు పయనమై రాజు వచ్చి బండిలో కూర్చుండెను. మస్తాన్ ముందు నిలిచి ఇనుపపిడి త్రిప్పెను. రెండుమార్లు దగ్గి మూడవమారు యంత్రము గర్జించెను. ఏనుగుశాలలోని పావురములు ఒక్కపెట్టున లేచెను. గోడనున్న పనిముట్లు గడగడలాడెను. అరుగుమీది పళ్లెములు గలగలలాడెను. తలుపులును అద్దములును ముసలిబండి కీళ్లన్నియు తమతమ గొంతులతో మొరపెట్టెను. జనులు చెవులు మూసికొని వెనుకకు తగ్గిరి. సూరీడమ్మ యొక్కతె ముందుకు పోయి ఎడమదీపముచెంత నిలిచి తల వంచి చెవి యొగ్గెను.

అది మ్రోగలేదు.

పరుల తప్పును తనపై వేసికొని మాటలేక మోయువాని బరువును లోకము కొలువజాలదు. లోకమునకు చప్పుడే వినబడును. మ్రోగవలసినచోట మ్రోగకుండుట యేమియో దానిని ప్రేమించినవారికి మాత్రమే తెలియును. బండి కదలి కోటవాకిలి దాటి ఎండలో తెల్లగా మెరయుచు చోడిచేల నడుమనుండి సాగిపోయెను. అందరును దాని వెలుగును చూచుచుండిరి. ఆమె మాత్రము దుమ్ము అణగి దారి నిశ్శబ్దమగువరకును చెవి యొగ్గియే నిలిచియుండెను.